అరచేతిలో విమానం

1878వ సంవత్సరంలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక మతాచార్యుడు ప్రయాణం నుండి ఇంటికి వస్తూ తన ఇద్దరు చిన్న కుమారుల కోసం ఒక ఆటవస్తువు తెచ్చాడు. దానిని చేతులలో దాచుకొని వచ్చి, పిల్లలు చూసేలోగానే గాలిలోకి విడిచాడు. అది నేల మీద పడలేదు. గదిలో ఎగిరి, పైకప్పును తాకి, కొంతసేపు అక్కడే కొట్టుకులాడి, ఆ తరువాత కిందికి దిగింది. బెండు, వెదురు, కాగితాలతో చేసి, మెలిపెట్టిన రబ్బరు శక్తితో తిరిగే ఆ బొమ్మకు పిల్లలు 'గబ్బిలం' అని పేరు పెట్టుకున్నారు. సుకుమారమైన ఆ బొమ్మ ఎక్కువ కాలం నిలవలేదు. అయినా పిల్లలు ఊరుకోలేదు. అటువంటి బొమ్మలను తామే తయారుచేయడానికి పూనుకున్నారు. అప్పటికి పెద్దవాడి వయస్సు 11 ఏళ్ళు. చిన్నవాడి వయస్సు 7 ఏళ్ళు. వారే విల్బర్ రైట్, ఆర్విల్ రైట్ సోదరులు. పాతికేళ్ళ తరువాత, 1903 డిసెంబరు 17న, కిట్టీహాక్ సమీపంలోని ఇసుకనేల మీద వారు నిర్మించిన యంత్రం మనిషిని మోసుకొని 12 సెకన్ల కాలంలో 120 అడుగుల దూరం ఎగిరింది.

ఆ బొమ్మకు మూలరూపం కల్పించినవాడు అల్ఫాన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు. రబ్బరు మెలితో నడిచే ఆయన చిన్న నమూనా విమానం 1871లో పారిస్ నగరంలోని త్విలెరీ ఉద్యానవనంలో 11 సెకన్లపాటు ఎగిరి సుమారు 40 మీటర్ల దూరం సాగింది. మనిషిని మోయగల విమానాన్ని నిర్మించాలన్న ఆయన కోరిక మాత్రం నెరవేరలేదు. తగిన ఆదరణ లభించక, నిరాశకు లోనై, 1880లో 30 ఏళ్ళ ప్రాయంలోనే ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆయన ఊహించిన పెద్ద విమానం ఆయనతోనే అంతరించింది. ఆయన చేసిన చిన్న బొమ్మ మాత్రం సముద్రాన్ని దాటి వెళ్ళి ఇద్దరు పిల్లల మనస్సులలో విత్తనమై పడింది.

చేతిలో ఇమిడే వస్తువును చిన్నచూపు చూసేవారు ఈ కథను ఒకసారి గుర్తుచేసుకోవాలి. విమాన నమూనాల నిర్మాణం పొద్దుపోని పిల్లల ఆట అని, చదువుకునే విద్యార్థికి తగని వ్యాపకం అని భావించేవారు తెలుగునాట ఎందరో ఉన్నారు. ఆ అభిప్రాయం సమంజసమైనది కాదు. చేతికి నేర్పును, కంటికి నిశితత్వాన్ని, మనస్సుకు ఓర్పును, బుద్ధికి శాస్త్రదృష్టిని ఏకకాలంలో అలవరచే అభిరుచులు అరుదు. అటువంటి అరుదైన వాటిలో ఇది ఒకటి.

విమాన నమూనాలు రెండు విధాలు. గాలిలో ఎగరడానికి ఉద్దేశించినవి మొదటి రకం. నిజమైన విమానపు ఆకారాన్ని ఒక నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి, అచ్చంగా దానిలాగే కనబడేటట్లు నిర్మించేవి రెండవ రకం. వీటినే స్కేలు నమూనాలు అంటారు. ఒక పెట్టెలో ప్లాస్టిక్ చట్రాలకు అంటుకొని ఉన్న పదులకొద్దీ భాగాలు, ఒక సూచనల పత్రం, విమానం మీద అంటించవలసిన గుర్తులు ఉంటాయి. దీనినే కిట్ అని వ్యవహరిస్తారు. ఆ పెట్టెలో ఉన్నది విమానం కాదు; విమానం కాగల అవకాశం మాత్రమే. దానిని విమానంగా మార్చవలసిన బాధ్యత నిర్మాతది.

ఈ కిట్ల చరిత్ర ఆసక్తికరమైనది. 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ అనే సంస్థ ప్లాస్టిక్ భాగాలతో కూడిన విమాన కిట్లను తొలిసారిగా విక్రయించింది. ఆ సంస్థ అంతకుముందు ఎగిరే నమూనాలను తయారుచేసేది. కొత్త నమూనాలు ఎగరవు కాబట్టి వాటికి ఎగరలేని పక్షి అయిన 'పెంగ్విన్' పేరు పెట్టింది. వాటికి ఎంచుకున్న నిష్పత్తి 72లో ఒక వంతు. అంటే 6 అడుగుల మనిషి నమూనాలో ఒక అంగుళం ఎత్తు ఉంటాడు. అడుగులు, అంగుళాలు వాడుకలో ఉన్న దేశంలో అనుకూలంగా తోచిన ఆ లెక్క ప్రపంచమంతటా వ్యాపించి నేటికీ నిలిచి ఉంది. 48లో ఒక వంతు, 32లో ఒక వంతు, పెద్ద విమానాలకు 144లో ఒక వంతు కూడా ప్రసిద్ధమైన నిష్పత్తులే.

రెండవ ప్రపంచయుద్ధం ఈ ఆటవస్తువుకు ఊహించని ప్రాధాన్యాన్ని తెచ్చిపెట్టింది. ఆకాశంలో కనబడే విమానం స్వపక్షానిదో, శత్రువుదో క్షణాలలో గుర్తించలేకపోతే ప్రాణనష్టం తప్పదు. అందువల్ల 1942లో అమెరికా నౌకాదళం విమానాలను గుర్తించే శిక్షణ కోసం 5 లక్షల నమూనాలు కావాలని ఆ దేశపు ఉన్నత పాఠశాలల విద్యార్థులను కోరింది. విద్యార్థులు తమ పాఠశాలల కర్మశాలలలో కర్రను చెక్కి, నునుపుచేసి, నల్లరంగు పూసి నమూనాలను అందించారు. వాటికి కూడా 72లో ఒక వంతు నిష్పత్తినే పాటించారు. అటువంటి నమూనాను 35 అడుగుల దూరం నుండి చూస్తే, అసలు విమానాన్ని 2,520 అడుగుల దూరం నుండి, అంటే దాదాపు అర మైలు దూరం నుండి చూసినట్లే ఉంటుంది. ఒక తరగతి గదిలోనే ఆకాశాన్ని చూపగల సామర్థ్యం ఈ చిన్న లెక్కలో ఉంది. కొలత తప్పిన నమూనా తప్పుడు పాఠం నేర్పుతుంది కాబట్టి ప్రతి నమూనాను కొలతపట్టీలతో పరీక్షించి గాని స్వీకరించేవారు కారు.

యుద్ధానంతరం ఈ అభిరుచి సామాన్యుల ఇళ్ళలోకి ప్రవేశించింది. హంగేరీ నుండి వలస వచ్చిన నికొలస్ కోవ్ 1939లో లండన్‌లో స్థాపించిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ మొదట గాలి నింపిన రబ్బరు బొమ్మలను, ఆ తరువాత దువ్వెనలను తయారుచేసింది. 1952లో ఒక ప్రాచీన నౌక కిట్‌ను 2 షిల్లింగుల ధరకు దుకాణాలలో విక్రయించి విజయం సాధించింది. ఆ దశాబ్దంలోనే స్పిట్‌ఫైర్ వంటి విమానాల కిట్లు బాలల చేతికి అందాయి. జపానులోని షిజువోకా నగరంలో 1946లో కలప వ్యాపారంగా ప్రారంభమైన తమియా సంస్థ కర్ర నమూనాలు చేస్తూ, 1960లో ప్లాస్టిక్ రంగంలోకి అడుగుపెట్టింది. కొలతల విషయంలో ఆ సంస్థ చూపిన శ్రద్ధకు ఒక ఉదాహరణ ప్రసిద్ధం. 1976లో వెలువడిన ఒక కారు నమూనా కోసం ఆ సంస్థవారు నిజమైన పోర్షె కారును కొని, భాగాలుగా విడదీసి పరిశీలించారు. ఆ సంస్థను తీర్చిదిద్దిన షున్‌సాకు తమియా 2025లో తన 90వ ఏట మరణించేవరకు ఈ రంగంలో ఆదరణీయుడిగా ఉన్నారు.

ఇంతకూ ఒక కిట్‌ను నిర్మించడంలో నిర్మాత చేసే పని ఏమిటి? మొదట సూచనల పత్రాన్ని ఆసాంతం చదవాలి. అచ్చునుండి అంటిన జిడ్డు పోయేటట్లు భాగాలను కడిగి ఆరబెట్టాలి. ఒక్కొక్క భాగాన్ని చట్రం నుండి కోసి, కోసినచోట మిగిలిన మొటిమను ఉప్పుకాగితంతో రుద్దాలి. పైలట్ కూర్చునే భాగాన్ని ముందుగా పూర్తిచేసి రంగు వేయాలి. మొండెం రెండు సగాలను అంటించిన తరువాత అక్కడికి వేలు చేరదు. ప్లాస్టిక్ జిగురు ఉపరితలాన్ని కొద్దిగా కరిగించి రెండు భాగాలను ఒకటిగా చేస్తుంది. ఒక చుక్క తక్కువైతే అతుకు విడిపోతుంది. ఒక చుక్క ఎక్కువైతే అందమైన గీతలు కరిగిపోతాయి. అతుకులోని సందును లప్పంతో నింపి, ఆరిన తరువాత మళ్ళీ నునుపు చేయాలి. ఆ పైన రంగులు. రంగులు ఆరిన తరువాత నీటిలో నానబెట్టి అంటించే గుర్తులు. ఈ క్రమంలో ఏ మెట్టునూ దాటవేయడానికి వీలులేదు. తొందరపడినవాడి తొందర నమూనా మీద వేలిముద్రగా శాశ్వతంగా నిలిచిపోతుంది. 'నిదానమే ప్రధానం' అన్న నానుడికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం మరొకటి కనబడదు.

ఈ పని తెలుగువారికి కొత్తది కాదు. కొండపల్లి కళాకారులు తేలికైన తెల్ల పొణికి కర్రను చెక్కి, బొమ్మ భాగాలను విడివిడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, అతుకులు కనబడకుండా తీర్చి, ఆ పైన రంగులు అద్దుతారు. కిట్ నిర్మాత లప్పంతో చేసే పని, కొండపల్లి కళాకారుడు ఆ ముద్దతో చేసే పని ఒకటే. ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్కతో మెరుగుపెట్టే చేతులకూ, నిర్మల్‌లో బొమ్మలకు ప్రాణం పోసే చేతులకూ ఉన్న నేర్పు ఇదే కుటుంబానికి చెందినది. ఏనుగు అంబారీని, ఎడ్లబండిని చిన్నగా చేసి సంక్రాంతికి కొలువుతీర్చిన సమాజం విమానాన్ని చిన్నగా చేసేవాడిని చూసి నవ్వడం విడ్డూరం.

చేతిపని ఒక ఎత్తయితే, దానివల్ల కలిగే శాస్త్రావగాహన మరొక ఎత్తు. జూనియర్ కళాశాల విద్యార్థి నిష్పత్తిని లెక్కల పుస్తకంలో చదువుతాడు; నమూనాలో దానిని వేళ్ళతో తాకుతాడు. పొడవు 72వ వంతుకు తగ్గితే ఉపరితల వైశాల్యం 5,184వ వంతుకు, ఘనపరిమాణం 3,73,248వ వంతుకు తగ్గుతుంది. ఈ సూత్రాన్ని తెలియక రైట్ సోదరులు బాల్యంలో తికమకపడ్డారు. బొమ్మను ఎంత పెద్దదిగా చేస్తే అది అంత తక్కువగా ఎగరడం వారికి వింతగా తోచింది. కొలతలు రెట్టింపైతే దానిని ఎగురవేయడానికి 8 రెట్ల శక్తి కావలసి ఉంటుందని వారు ఆ తరువాత గ్రహించారు. పరీక్షలో రెండు మార్కులు తెచ్చిపెట్టే సూత్రం వారి చేతిలో ఒక చిక్కుప్రశ్నగా ఎదిగి, ఆ ప్రశ్న వారిని వదలకుండా వెంటాడింది.

మరొక ఉదాహరణ. ముక్కు కింద చక్రం ఉండే విమానపు నమూనాను పూర్తిచేసి బల్ల మీద నిలబెడితే, అది తరచుగా తోక మీదికి ఒరిగిపోతుంది. ప్లాస్టిక్ నమూనాలో బరువు పంపిణీ అసలు విమానంలో ఉన్నట్లు ఉండకపోవడమే దీనికి కారణం. అందువల్ల మొండెం మూసివేసే ముందే ముక్కులో చిన్న ఇనుప గుండును అమర్చాలి. అది ఎంత ముందుగా ఉంటే అంత తక్కువ బరువు చాలు. తులాదండ నియమం, గురుత్వకేంద్రం అనే రెండు పాఠాలు ఇక్కడ ఒక్క గుండులో ఇమిడి ఉన్నాయి. ఈ పొరపాటు ఒకసారి చేసిన విద్యార్థి ఆ నియమాన్ని జీవితంలో మరచిపోడు.

ఖచ్చితత్వం అంటే ఏమిటో కూడా ఈ అభిరుచి నేర్పుతుంది. 72వ వంతు నమూనాలో ఒక మిల్లీమీటరు సందు నిజమైన విమానంలో 7.2 సెంటీమీటర్ల సందుతో సమానం; పైలట్ చేయి దూరేంత వెడల్పు! మిల్లీమీటరులో పదోవంతు మందంగా పూసిన రంగు అసలు విమానం మీద 7 మిల్లీమీటర్ల పూతతో సమానం. కొలతను ఈ దృష్టితో చూడడం అలవడిన విద్యార్థికి 'సుమారుగా సరిపోయింది' అన్న మాట తృప్తినివ్వదు.

పెద్దలైన శాస్త్రజ్ఞులు కూడా నమూనాలను విడిచిపెట్టలేదు. 1901లో రైట్ సోదరులు ఒక చిన్న వాయుసొరంగాన్ని నిర్మించి సుమారు 200 రకాల చిన్న రెక్కలను పరీక్షించారు. వారి విజయానికి ఆ చిన్న రెక్కలు ఇచ్చిన అంకెలే పునాది. బెంగుళూరులోని జాతీయ వాంతరిక్ష ప్రయోగశాలలో 1967 నుండి పనిచేస్తున్న వాయుసొరంగంలో భారతదేశపు విమానాల, రాకెట్ల నమూనాలను పరీక్షిస్తూ వచ్చారు. చంద్రుని మీద తొలి అడుగు మోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ బాల్యంలో విమాన నమూనాలు నిర్మించినవాడే. 1986లో మధ్యలో ఇంధనం నింపుకోకుండా భూమిని చుట్టివచ్చిన 'వాయేజర్' విమానాన్ని రూపొందించిన బర్ట్ రుటాన్ కూడా నమూనాలతోనే తన సాధన ప్రారంభించాడు. నమూనాలు చేసిన ప్రతి విద్యార్థీ ఆర్మ్‌స్ట్రాంగ్ కాడు. కాని, బాల్యంలో చేతులకు కలిగిన కుతూహలం వృథా పోదని వీరి జీవితాలు చెబుతున్నాయి.

ఈ అభిరుచి నేర్పే మరొక విద్య చరిత్ర. నమూనా మీద ఏ రంగు వేయాలి, ఏ గుర్తు అంటించాలి అని ఆలోచించిన క్షణంలోనే నిర్మాత పరిశోధకుడవుతాడు. బ్రిటిషువారి స్పిట్‌ఫైర్ విమానాన్ని నిర్మించే తెలుగు విద్యార్థి, 1940లో బ్రిటన్ గగనతలంలో జరిగిన పోరాటంలో పాల్గొన్న 152వ స్క్వాడ్రన్ వివరాలు వెదికితే ఆశ్చర్యపోతాడు. ఆ దళం పేరు 'హైదరాబాద్' స్క్వాడ్రన్! దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1918లో, నిజాం విరాళంతో సమకూరిన డి.హెచ్. 9ఎ విమానాలతో 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్సుకు వెళ్ళింది. ఆ దళానికీ హైదరాబాద్ పేరే వచ్చింది. వాటిలో ఒక విమానం జర్మనుల చేతికి చిక్కి, అనంతర కాలంలో పోలండ్ చేరి, చివరకు 1977లో బ్రిటన్‌కు తిరిగివచ్చి లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో నిలిచింది.

ఇక్కడ విద్యార్థి అడగవలసిన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. హైదరాబాదు సంస్థానపు ఖజానాలోని ధనం ఎవరి శ్రమఫలం? దూరదేశపు యుద్ధానికి ఆ ధనం ఎందుకు వెళ్ళింది? ఆ నిర్ణయంలో పన్ను కట్టిన రైతుకు పాత్ర ఉన్నదా? గోరంత గుర్తును అంటించబోయిన విద్యార్థి కొండంత ప్రశ్నను ఎదుర్కొంటాడు. చరిత్ర పాఠానికి ఇంతకంటె మంచి ప్రవేశద్వారం ఏమి ఉంటుంది?

అదేవిధంగా భారత వాయుసేనకు చెందిన నాట్ విమానం సంగతి. దాని రెక్కల విస్తారం 6.73 మీటర్లు మాత్రమే. నమూనాలో అది 9 సెంటీమీటర్లను కొద్దిగా మించుతుంది. అక్షరాలా అరచేతిలో ఇముడుతుంది. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీద దాడికి వచ్చిన శత్రువిమానాలను ఎదుర్కొంటూ ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ వీరమరణం పొందింది అటువంటి విమానంలోనే. మరణానంతరం పరమవీర చక్ర పొందిన ఆయన, వాయుసేన నుండి ఆ పురస్కారం అందుకున్న ఏకైక వీరుడు. 1963లో వాయుసేనలో ప్రవేశించిన మిగ్-21 విమానాలు 2025 సెప్టెంబరు 26న సేవ నుండి విరమించాయి. ఇకమీదట వాటిని ఆకాశంలో చూడలేని తరాలకు వాటి రూపాన్ని అందించేవాటిలో నమూనాలు కూడా ఉంటాయి.

ఈ అభిరుచి మీద వచ్చే ఆక్షేపణలను కూడా న్యాయబుద్ధితో పరిశీలించాలి. ఇది యుద్ధాన్ని ఆటగా మారుస్తుందన్నది మొదటి ఆక్షేపణ. ఇందులో కొంత నిజం లేకపోలేదు. పెట్టె మీద మంటలు చిమ్మే విమానపు బొమ్మ వేసి అమ్మే వ్యాపారి, ఆ మంటలలో కాలిపోయిన మనుష్యులను గురించి చెప్పడు. అయితే ఆ లోపానికి మందు అజ్ఞానం కాదు; అధ్యయనం. విమానం మీది ప్రతి గుర్తునూ శోధించేవాడు ఆ విమానం పడగొట్టినవారి సంగతిని, అది కూలినప్పుడు మరణించినవారి సంగతిని కూడా తెలుసుకోవాలి. నిజాయితీగల నిర్మాతకు యుద్ధం మీద మోజు పెరగదు, తరుగుతుంది. పైగా ప్రయాణికుల విమానాలు, అంబులెన్సు హెలికాప్టర్లు, అంతరిక్ష నౌకలు ఇష్టమైనవారు వాటినే నిర్మించుకోవచ్చు.

రెండవ ఆక్షేపణ ఖర్చు. ఇది తోసిపుచ్చవలసిన మాట కాదు. పేరున్న కిట్లలో అధికభాగం విదేశాల నుండి రావలసినవే. కిట్, రంగులు, కుంచెలు, జిగురు కలిపితే ఒక సామాన్య కుటుంబానికి భారమే. కాని అభిరుచికి ప్రాణం పెట్టెలో లేదు, పనిలో ఉంది. అట్టముక్కలు, వెదురు పుల్లలు, కొలతబద్ద, గమ్ము, ఒక మంచి చిత్రపటం ఉంటే నమూనా నిర్మాణం ప్రారంభించవచ్చు. రైట్ సోదరులకు దొరికినది బెండు, వెదురు, కాగితాలే కదా! కళాశాల ఒక కిట్‌ను కొని నలుగురు విద్యార్థులకు అప్పగిస్తే ఖర్చు పంచుకోబడుతుంది. సహకారం కూడా అలవడుతుంది.

ఎవరో రూపొందించిన భాగాలను అతికించడంలో సృజన ఏముందన్నది మూడవ ఆక్షేపణ. సంగీతం నేర్చేవారు సరళీస్వరాలతో మొదలుపెడతారు. అవి వారి సొంత కల్పన కావు. అయినా వాటిని సాధించనివారికి రాగాలాపన పట్టుబడదు. కిట్ కూడా అటువంటి సరళీస్వరమే. మొదటి నమూనాను సూచనల ప్రకారం చేసినవాడు, రెండవదానిలో లోపాన్ని గుర్తిస్తాడు, మూడవదానిలో ఆ లోపాన్ని సరిదిద్దుతాడు, కొన్నాళ్ళకు కిట్ అవసరం లేకుండానే కొలతల పటం నుండి విమానాన్ని నిర్మిస్తాడు.

అన్నిటికంటె బలమైనదిగా కనబడే ఆక్షేపణ కాలానికి సంబంధించినది. ఇంటర్మీడియట్ రెండేళ్ళు విద్యార్థి భవిష్యత్తును నిర్ణయించే కాలమని, ప్రవేశపరీక్షల పోటీలో ప్రతి గంటా విలువైనదని తల్లిదండ్రులు భావిస్తారు. వారి ఆందోళనను ఎగతాళి చేయడం తగదు. పిల్లల చదువు కోసం పొలం అమ్ముకున్న తండ్రికి, నగలు తాకట్టుపెట్టిన తల్లికి గంట విలువ బాగా తెలుసు. అయినా ఒక ప్రశ్న మిగిలి ఉంటుంది. తెల్లవారుజాము నుండి రాత్రివరకు సరైన సమాధానాన్ని గుర్తించడం మాత్రమే అభ్యసించిన విద్యార్థి, రేపు ఇంజనీరైన తరువాత, నాలుగు సమాధానాలు ముందుగా అచ్చువేసి ఉండని సమస్యను ఎలా ఎదుర్కొంటాడు? యంత్రాన్ని గురించి పుటలకొద్దీ రాయగలిగి, మరను బిగించలేని ఇంజనీరు సమాజానికి ఏ మేరకు ఉపయోగపడతాడు?

తప్పు చేయడం నేర్చుకోవడానికి పరీక్షాగదిలో చోటు లేదు. అక్కడ తప్పుకు మార్కు పోతుంది, అంతటితో సరి. నమూనా ముందు కూర్చున్నవాడికి తప్పు కంటి ఎదుటే ఉంటుంది. రెక్క వంకరగా అతికింది; దానిని విడదీయాలి. రంగు కారింది, దానిని తుడవాలి. చిన్న భాగం వేళ్ళనుండి జారి నేల మీద పడింది. మోకాళ్ళ మీద వంగి వెదకాలి. దొరకకపోతే కొత్తది తయారుచేయాలి. తప్పు జరిగిన తరువాత కూడా పని ముగిసిపోలేదని, సరిదిద్దుకొని ముందుకు సాగవచ్చునని ఈ చిన్న విమానం బోధిస్తుంది. ఒక పరీక్షలో విఫలమైనంత మాత్రాన జీవితమే ముగిసిందని కుంగిపోయే విద్యార్థులున్న ఈ కాలంలో ఇంతకంటె అవసరమైన బోధ మరొకటి లేదు. వారానికి రెండు గంటలు దీనికి కేటాయించడం కాలాన్ని పోగొట్టుకోవడం కాదు. మిగిలిన గంటలకు బలం చేకూర్చడం.

ఈ దిశలో కొన్ని అవకాశాలు ఇప్పటికే ఉన్నాయి. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో నమూనాల నిర్మాణం శిక్షణలో భాగం. విశాఖపట్నం సముద్రతీరంలో 2017 నుండి నిలిచి ఉన్న టి.యు.-142 విమానం సుమారు 50 మీటర్ల రెక్కల విస్తారంతో సందర్శకులను ఆశ్చర్యపరుస్తోంది. దానిని చూసి ఛాయాచిత్రం తీసుకొని వెళ్ళిపోయేవాడు ఒక సందర్శకుడు. దాని రెక్కలు 144వ వంతు నమూనాలో సుమారు 35 సెంటీమీటర్లు ఉంటాయని లెక్కవేసి, చక్రాలు ఎక్కడ ముడుచుకుంటాయో వంగి చూసి, పుస్తకంలో గీసుకొనేవాడు విద్యార్థి. ప్రతి కళాశాలలో భౌతికశాస్త్ర ప్రయోగశాల పక్కన ఒక బల్ల, ఒక దీపం, కొద్దిపాటి పనిముట్లు ఏర్పాటుచేయడం అసాధ్యమైన పని కాదు. గాలి ధారాళంగా వీచే కిటికీ పక్కన ఆ బల్ల ఉండాలి. ఎందుకంటే జిగురు, రంగుల ఆవిరి ఆరోగ్యానికి మంచిది కాదు. కత్తిని ఎల్లప్పుడూ వేళ్ళకు దూరంగా కదపాలన్నది అక్కడ నేర్పవలసిన మొదటి పాఠం.

పెనో నిర్మించదలచిన పెద్ద విమానం గాలిలోకి లేవలేదు. ఆయన బొమ్మ మాత్రం ఇద్దరు పిల్లల చేతులలో పడి, విరిగి, మళ్ళీ తయారై, చివరికి మానవజాతికి రెక్కలిచ్చింది. ఆ బొమ్మను తెచ్చిన తండ్రి అది కొడుకుల చదువును పాడుచేస్తుందని భయపడి ఉంటే ఆకాశయాన చరిత్ర మరొక విధంగా ఉండేదేమో! నేటి తల్లిదండ్రులు, అధ్యాపకులు తమ పిల్లల చేతులలో పుస్తకంతోపాటు ఒక చిన్న పనిముట్టును కూడా ఉంచాలి. ఆ చేతులు రేపు ఏమి నిర్మిస్తాయో నేడు ఎవరూ చెప్పలేరు. కాని, ఏమీ నిర్మించడం నేర్వని చేతులు రేపు ఏమీ నిర్మించలేవన్నది మాత్రం నిశ్చయం.